మూడో తాళంచెవి

మినిట్స్ పుస్తకంలో నేనిలా రాశాను:
"మూడు సంఘాలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి."
అబద్ధం కాదు.
నిజం మాత్రం అంత పొట్టిది కాదు.

ఖుబెలు ఏటికి ఇవతల నా బడి, లీపోలెలో నర్సు ఉండే ఆసుపత్రి గది.
అవతల ఉన్ని కత్తిరించే కొట్టం, సగం ఊరు.
నడుమ, లెసోతో కొండల మీద మంచు కరిగే నెలల్లో,
ఎవరి మాటా వినని నీళ్ళు.

ఆ ఏడు మోలియెహికి నొప్పులు అవతల మొదలయ్యాయి.
ఇవతలి గట్టున నర్సు సంచీ పట్టుకుని
తెల్లవార్లూ నిలబడే ఉంది.
అంత్యక్రియల సంఘం లోటు చెయ్యలేదు:
ఒక ఆవు, కొత్త దుప్పటి,
వచ్చినవాళ్ళందరికీ మొక్కజొన్న సంకటి.

ఇంటికి నెలకి ఇరవై మలోటీలు,
ముప్ఫై ఏళ్ళుగా ఒక్క వాయిదా తప్పలేదు.
చావుకి మేం దాచుకున్నంత
బతుక్కి ఎన్నడూ దాచుకోలేదు.

ఆ డబ్బుతో వంతెన కడదామన్నది
సంఘం పెద్ద మంపొలొకెంగే.
లెక్కలు రాసే రమకేలె లేచి నిలబడ్డాడు:
"పోయినవాళ్ళ సొమ్ము ముట్టుకుంటే
వాళ్ళు ఊరుకుంటారా?"
ఆమె చుట్టుకున్న దుప్పటి సర్దుకుని అంది:
"మన గుట్ట మీద పడుకున్నవాళ్ళలో ఏడుగురు
ఈ ఏట్లో పోయినవాళ్ళు.
వెళ్ళి వాళ్ళనే అడుగు."

తర్వాత రెండు నెలలు వెడల్పు దగ్గర ఆగిపోయాం.
ఉన్ని బేలు పట్టాలి అన్నాడు గొర్రెల సంఘం లెబూస,
ఎడ్లూ రాళ్ళూ అతనివి కాబట్టి గొంతు కొంచెం పెంచి.
స్ట్రెచర్ పట్టాలి అంది నర్సు.
చివరికి ఆమె కొట్టంలో నేల మీద పడుకుంది,
ఇటొకరు అటొకరు మోసేవాళ్ళలా నిలబడ్డారు,
పక్కనే బేలు దొర్లించి సుద్దముక్కతో గీత గీశాను.
బేలే నాలుగు వేళ్ళు వెడల్పు.
"సరే, బేలు కొలతే" అంది ఆమె, లేచి దుమ్ము దులుపుకుంటూ.
లెబూస ఎందుకో ఆ రోజంతా మాట్లాడలేదు.

ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక కాదు, అనుకుంటూనే
డబ్బు పెట్టెకి మూడు తాళాలు కొన్నారు.

మేస్త్రీ ఇనుప తాళ్ళ బండితో వచ్చిన పొద్దున
ఏరు పొంగింది.
బయానా ఇవ్వకపోతే మధ్యాహ్నానికి వెనక్కి పోతానన్నాడు.
రెండు చెవులు ఇవతల ఉన్నాయి.
మూడోది అవతల, లెబూస మెడలో.
వంతెన ఉంటే తెచ్చుకునేవాళ్ళం.
తెచ్చుకోగలిగితే వంతెన ఉండేది.
మంపొలొకెంగ్ ముందు నవ్వింది, తర్వాత తిట్టింది.

అవతల గట్టున మోకెటె, పదమూడేళ్ళ గొర్రెల కాపరి,
నా హాజరు పట్టీలో లేనివాడు,
ఏ సంఘానికీ చందా కట్టనివాడు,
లెబూస చెయ్యి గుంజి ఏదో చెబుతున్నాడు.
వడిసెలతో ముందు ఒక రాయి విసిరాడు. నీళ్ళలో పడింది.
ఇంకో రాయి. మా పాదాల దగ్గర.
మూడోసారి తాళంచెవిని
బరువుకో గులకరాయితో కలిపి
పచ్చి ఉన్నిలో చుట్టి, దారం బిగించి,
తల మీద మూడు చుట్లు తిప్పాడు.

మేం అందరం నోళ్ళు తెరుచుకుని
ఆకాశంలోకి చూసిన క్షణం ఒకటుంది.
దాన్ని ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియక
రాయలేదు.

ఇప్పుడు పెట్టెకి తాళాలు మూడూ ఉన్నాయి,
చెవులు మాత్రం నర్సు గదిలో ఒకే మేకుకి వేలాడతాయి.
గొర్రెలు తడబడుతూ దాటుతుంటే పలకలు చప్పుడు చేస్తాయి.
పోయిన నెల సమావేశంలో రమకేలె
ఏటి వరసలో సున్నా వేశాడు.
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
లెక్క మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"ఇతర విషయాలు: ఏమీ లేవు"
అని రాసి, పుస్తకం మూశాను.